రెండో ఫ్లాస్కు

నాకు భయం ఎక్కువ. ఇందులో దాచుకోవడానికేం లేదు, మా ఇంట్లోనూ మా ల్యాబ్‌లోనూ అందరికీ తెలిసిందే. ఎవరైనా రెండుసార్లు ఫోను ఎత్తకపోతే వాళ్ళకేదో అయిపోయిందని నా గుండె దడదడలాడుతుంది. అలాంటిదాన్ని, సరిగ్గా తెలంగాణ ఉద్యమం రోజుల్లో, తార్నాక పక్కనున్న క్యాంపస్‌లో పీహెచ్‌డీకి చేరాను. చేరేముందు ఎవరైనా ఒక్క మాట చెప్పొచ్చు కదా! ఎవరూ చెప్పలేదు.

మాది తార్నాకలో రెండో అంతస్తు వాటా. అమ్మా నేనూ ఉండేవాళ్ళం. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, నేను పదో తరగతిలో ఉండగా పోయారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా మాట మాత్రం అమ్మదే వచ్చింది. నోరు తెరిస్తే చాలు, ‘అండీ’ ఊడిపడేది. మామూలు రోజుల్లో దాన్నెవరూ పట్టించుకునేవారు కాదు. మా వీధిలో కూరగాయలాయన ‘ఏం గావాలండీ’ అని వెక్కిరించి మరీ గుప్పెడు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేవాడు. కానీ గొడవలు ముదిరినకొద్దీ, నా నోట్లోంచి ఆ అండీ జారినప్పుడల్లా నేనే ఉలిక్కిపడేదాన్ని. క్యాంపస్‌లో నన్నెవరూ ఒక్క మాటనలేదు, ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం. అంటారేమోనన్న భయం మాత్రం పొద్దున పళ్ళు తోముకునేటప్పుడే మొదలయ్యేది.

ల్యాబ్‌లో నాకొక సీనియరు ఉండేవాడు. నల్గొండ వైపు పత్తి రైతుల బిడ్డ. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఆట పట్టించాలనిపిస్తే ‘అండీగారూ’ అని పిలిచేవాడు. పొద్దున ఊరేగింపులో గొంతు చించుకుని, మధ్యాహ్నం బొంగురు గొంతుతో ల్యాబ్‌కొచ్చి, చేతులు కడుక్కుని, స్పిరిట్ దీపం వెలిగించి పనికి కూర్చునేవాడు. ఆయన మీద పోలీసు కేసు కూడా ఉండేది. ఏం కేసన్నా అంటే, ‘లొల్లి కేసు’ అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. గేటు దగ్గర పోలీసు వ్యాను కనబడితే ముందు ఆయనకే ఫోను చేసేదాన్ని.

మేమిద్దరం చేసే పని ఒక్కటే. గాజు ఫ్లాస్కు నిండా బ్యాక్టీరియా పెంచుతాం. అందులో యాంటీబయాటిక్ వేస్తాం. మా ల్యాబ్‌లో అంత పెద్ద పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు, అందరికీ అది ‘మందే’. మందు పోసిన కాసేపటికి కోట్లకు కోట్లు చచ్చిపోతాయి. కానీ ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. మిగిలినవి మందుకు లొంగని మొండిఘటాలైతే అది వేరే కథ. ఇవి ఆ రకం కాదు. వీటిని కడిగి, తిండి పెట్టి, పెంచి, మళ్ళీ అదే మందు పోస్తే మళ్ళీ అన్నీ చస్తాయి, మళ్ళీ ఏవో కొన్ని మిగులుతాయి. అంటే అవి మందును గెలవలేదు. మందు వచ్చిన వేళకు నిద్రలో ఉన్నాయి, అంతే. వాటిని నిద్రపుచ్చే జన్యువులేవి, వాటిలో ఒకదాన్ని తీసేస్తే మిగిలేవి తగ్గుతాయా లేదా అన్నది మా గోల.

ఒకసారి మా ఇంటికి భోజనానికొస్తే అమ్మ ఇదే అడిగింది. “మందేస్తే చావాలి గానీ నిద్రపోవడమేవిటి బాబూ?”

ఆయన పప్పన్నం కలుపుతూ ఆలోచించాడు. “అమ్మా, బంద్ నాడు మన తార్నాకల రాయి ఏ దుకాణం మీద పడ్తది? షట్టర్ తెరిచిన దాని మీదనే గద. దించినదాని జోలికి ఎవడు వోతడు? మందు గూడ గంతే. పని జేస్తున్న దాన్నే కొడ్తది. షట్టర్ దించుకొని కూసున్నదాన్ని ఏం జెయ్యలేదు.”

“అయ్యో రాత, వాటికీ బందులేనా!” అంది అమ్మ.

“ఉన్నయమ్మా. దాని కడుపుల విషమొకటి, విరుగుడొకటి, రెండూ అదే తయారు జేస్కుంటది. మంచిగున్నన్ని రోజులు విరుగుడు విషాన్ని పట్టుకొనుంటది. ఆకలైనా, ఎండ తగిలినా విరుగుడు జల్ది అయిపోతది. ఇగ విషం మిగిలి దాన్నే పండవెడ్తది. కొన్నిటికైతే ఏ కష్టం రాకున్నా గట్లయితది. ఎందుకో ఇంక తెల్వదు.”

“తన విషం తనే మింగి పడుకుంటుందా! ఎంత ధైర్యం!”

“ధైర్యం గాదమ్మా, భయం. అచ్చం మీ బిడ్డ లెక్క,” అన్నాడు. అమ్మ పొలమారేదాకా నవ్వింది. నేను ఆయన కంచంలో అడక్కుండానే గోంగూర పచ్చడి ఓ ముద్ద వేసి, తిను నోర్మూసుకుని అన్నాను.

క్యాంపస్ గేట్లు మూసేసిన రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దుటినుంచే ఒకటే నినాదాలు. నేను కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుంటే వినబడదేమోనని ఆశ. మధ్యాహ్నం దాటాక దబ్‌మని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. కాసేపటికి కిటికీ సందుల్లోంచి టియర్ గ్యాసు పాడు వాసన వచ్చింది. కళ్ళలో కారం కొట్టినట్టయింది. దీపం ఆర్పాలా, ఫ్లాస్కులు లోపల పెట్టాలా, పరిగెత్తాలా, ఏదీ తోచక గది మధ్యలో నిలబడి ఏడుస్తున్నాను. అన్నే దీపం ఆర్పి, నా కర్చీఫ్ తడిపి ముఖాన పెట్టి, వెనక మెట్ల దారిన కిందికి తీసుకొచ్చాడు.

ఆయన చెయ్యి కాలిపోతోంది.

“జ్వరమా అన్నా?”

“టైఫాయిడ్ అన్నరు. హాస్టల్ నీళ్ళ కథ నీకు తెల్వనిదా? హెల్త్ సెంటర్ల కోర్సు ఇచ్చిన్రు.” చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ తీసి చూపించాడు. అప్పటికి ఒకటో రెండో వేసుకున్నట్టున్నాడు.

“పూర్తిగా వాడాలి, మధ్యలో ఆపకు.”

“ఎవరికి చెప్తున్నవ్ చెల్లె?” అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే ఇద్దరికీ నవ్వొచ్చింది. వెనకనున్న బస్తీ సందు దాకా వచ్చి, “నువ్వు జల్ది ఇంటికి పో. నేను పిలిస్తె గాని గీ దిక్కు రాకు,” అని వెనక్కి వెళ్ళిపోయాడు. కేసున్నవాడు గేటు దాటితే పట్టుకుపోతారు. ఆయనకు హాస్టలే దిక్కు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది. క్యాంపస్ చుట్టూ ముళ్ళకంచెలు. హాస్టళ్ళలో మెస్సు మూసేశారు, నీళ్ళు ఒక పూట వస్తే ఒక పూట రావట. మా డాబా మీద ఆరేసిన బట్టలకు కూడా ఆ గ్యాసు వాసన పట్టేది. అమ్మ కిటికీలకు తడి దుప్పట్లు కట్టింది. విజయవాడ నుంచి పిన్ని ఫోను చేస్తే, కింది వాటా వాళ్ళకు వినపడుతుందేమోనని గొంతు తగ్గించి మాట్లాడేది. తీరా చూస్తే పాలు దొరకని రోజు ఆ కింది వాటా ఆమే, జనగామ ఆడపడుచు, చెంబులో పాలు పోసి తెచ్చింది. “మీరేం పరేషాన్ గాకుండ్రి, మేమున్నం గద,” అంది. అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నా భయం మాత్రం తగ్గలేదు. నా భయం పాలతో పోయేది కాదు.

అన్న రోజుకోసారి ఫోను చేసేవాడు. ఒకసారి చేయకపోతే నేను చేసేదాన్ని. ఎత్తేదాకా పై ప్రాణాలు పైనే ఉండేవి. మెస్సు లేదు కదా, ఏం తింటున్నావంటే, ‘అటుకులు’ అనేవాడు. జ్వరమెలా ఉందంటే, ‘దిగుతున్నది’ అనేవాడు. అంతకుమించి తన గురించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పేవాడు కాదు, పైగా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగేవాడు.

అలా గేట్లు మూసిన కొద్ది రోజులకు ఒక సాయంత్రం ఫోను చేశాడు. వెనక ఎవరో దగ్గుతూ మూలుగుతున్నారు. టీవీ ఏమో అనుకున్నాను.

“చెల్లె, ఒక డౌటున్నది.”

“ముందు జ్వరం సంగతి చెప్పు.”

“దిగింది. మంచిగనే ఉన్న. డౌటు విను. మందు కొంచమే ఉన్నది. ఫ్లాస్కులు రెండున్నయి. చెరి సగం పొయ్యాల్నా, ఒక్కదాంట్లనే మొత్తం పొయ్యాల్నా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. బయట పోలీసు బూట్ల చప్పుడు మా ఇంటి దాకా వినిపిస్తుంటే ఈయన ల్యాబ్‌లో దూరి ఫ్లాస్కులతో ఆడుకుంటున్నాడా!

“నువ్వు ల్యాబ్‌కెళ్ళావా? నీకేమైనా మతి పోయిందా అన్నా! ఎవరైనా చూస్తే?”

“తిట్టుడు తర్వాత. ముందుగాల చెప్పు.”

“ఇందులో చెప్పేదేముంది? చెరి సగం పోస్తే రెండూ తగలడతాయి. చచ్చేవి చస్తాయి, పడుకున్నవి పడుకుంటాయి, మందు అయిపోగానే రెండింట్లోనూ లేచి కూర్చుంటాయి. నాకు నేర్పిందే నువ్వు కదా! ఒకదానికి పూర్తిగా పొయ్యి. అదొక్కటైనా దక్కుతుంది.”

“మరి రెండో ఫ్లాస్కు?”

“కంట్రోల్ కింద వదిలెయ్.” ఏ ప్రయోగంలోనైనా ఒక ఫ్లాస్కుకు మందు పోయకుండా పక్కన ఉంచుతాం, పోసినదాన్ని దీనితో పోల్చి చూడ్డానికి. దాన్నే కంట్రోల్ అంటాం.

“దాంట్ల ఇప్పటికే జెర మందు పడ్డది.”

“అయితే కంట్రోల్‌కీ పనికిరాదు. పక్కన పెట్టెయ్.”

ఫోను కట్టయిందేమోనని, హలో హలో అన్నాను.

“ఉన్న చెల్లె. పక్కకు పెట్టినదాంట్ల, మందు ఆపినంక, మళ్ళ ఎన్ని దినాలకు లేస్తయంటవు?”

“ఎవడికి తెలుసన్నా! ఒకటి రేపే లేవచ్చు, ఒకటి వారానికి లేవచ్చు. లేచినప్పుడు చూసుకుందాం. నువ్వు ముందు హాస్టల్‌కి పో, నీకు దణ్ణం పెడతాను.”

“సరే. లేసినప్పుడు సూస్కుందం,” అన్నాడు. నేను కోపంగా ఫోను పెట్టేసి, ఆయన ల్యాబ్‌లో దొరికిపోతే ఏమవుతుందోనని ఆ సాయంత్రమంతా అమ్మ ప్రాణం తీశాను.

వారం తిరిగిందో లేదో, పొద్దున్నే ఆయన నంబరు నుంచే ఫోను. మాట్లాడింది ఆయన కాదు. రూమ్మేటు. అదే నల్గొండ వైపు నుంచి వచ్చి చరిత్రలో ఎమ్మే చదువుతున్న అబ్బాయి. నన్ను అక్కా అనేవాడు. గొంతు నీరసంగా ఉంది.

“అక్కా, అన్నకు మళ్ళ జ్వరమొచ్చింది, నాలుగు రోజులైంది. ఇయ్యాల కడుపు నొప్పంటున్నడు. కడుపు బండ లెక్క గట్టిగైంది. నీకు చెప్పొద్దన్నడు. నాకు భయమైతున్నదక్కా.”

టైఫాయిడ్‌లో కడుపు గట్టిపడిందంటే పేగుకు చిల్లు పడిందేమోనని అనుమానించాలి. ఆ మాత్రం మాకు తెలుసు. ఆలస్యమైతే మనిషి దక్కడు. ఆ మాటా తెలుసు. తెలిసిన చదువు ఒక్కోసారి ఎంత దరిద్రమో అప్పుడర్థమైంది. తెలియకపోతే కనీసం చేతులు వణక్కుండా చెప్పులు వేసుకునేదాన్ని.

అమ్మకు ఆపరేషన్ చేసిన సర్జన్ నల్లకుంటలో ఉండేవాడు, సొంత నర్సింగ్‌హోమ్. అమ్మ ఆయనకు ఫోను చేసి బతిమాలింది. తీసుకొచ్చెయ్యండి చూద్దాం అన్నాడు. మామూలుగా అయితే క్యాంపస్‌లోంచి అడ్డంగా పడితే నల్లకుంట ఎంతసేపు? ఇప్పుడు ఆ దారే లేదు. హబ్సిగూడ, రామంతాపూర్, అంబర్‌పేట, గోల్నాక, ఇలా ఊరంతా చుట్టి పోవాలి. మా సందు చివర ఉండే ఆటో ఆయన కాళ్ళావేళ్ళా పడితే ఒప్పుకున్నాడు. “చలో బేటీ, దేవుడున్నడు,” అన్నాడు. దేవుడు ఏ చౌరస్తాలో ఉన్నాడో చెబితే బాగుండేది.

బస్తీ సందులో ఆటో ఆపుకుని నిలబడ్డాను. రూమ్మేటూ, మరో ఇద్దరు కుర్రాళ్ళూ అన్నను వెనక గోడ దాటించి దాదాపు మోసుకొచ్చారు. నేను గుర్తుపట్టలేదు. ముఖం బూడిద రంగులో ఉంది, గడ్డం పెరిగింది, రెండు చేతులూ కడుపు మీద. రూమ్మేటు కూడా ముందు ఎక్కి కూర్చున్నాడు. వాడూ ఎముకల గూడులా ఉన్నాడు. అప్పుడు నాకది తోచలేదు, అటుకులు తిని చిక్కాడనుకున్నాను.

ఆటో కదిలిందో లేదో మొదలుపెట్టాను. నాకు భయమేస్తే నోరు ఆగదు.

“కోర్సు పూర్తిగా వాడావా?”

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“ఆపేశావు కదూ! జ్వరం దిగగానే ఆపేశావు కదూ! నువ్వు పీహెచ్‌డీ చేస్తున్నది దేని మీద అన్నా? ఊళ్ళో వాళ్ళు ఇలా చేస్తారని సెమినార్‌లో లెక్చరిచ్చింది నువ్వు కాదూ? పడుకున్నవి లేస్తాయని తెలీదూ? బుద్ధుందా అసలు!”

“అక్కా…” అన్నాడు రూమ్మేటు ముందునుంచి తిరిగి. అన్న కళ్ళు తెరిచి వాడి వైపు చూశాడు. వాడు తల తిప్పేసుకున్నాడు.

రామంతాపూర్ దాటాక పోలీసులు ఆపారు. లాఠీ ఆటో పైకప్పు మీద టక్‌మంది. ఒకాయన వంగి లోపలికి చూశాడు. గడ్డం, నలిగిన చొక్కా, స్టూడెంటు ముఖం. “ఎక్కడ్నుంచి? క్యాంపస్సా?” అన్నాడు.

నాకు తెలియకుండానే నా నోరు తెరుచుకుంది. “మా అన్నయ్యండీ. తార్నాకలో ఉంటామండీ. కడుపులో నొప్పండీ, ఆపరేషనండీ, డాక్టరుగారు రమ్మన్నారండీ.”

ఆయన నన్నోసారి, అన్ననోసారి చూశాడు. అన్ని అండీలు విన్నాక ఆయనకు ఏమనిపించిందో ఏమో, లాఠీ తీసి పొమ్మన్నాడు. అన్న నా చేతి మీద రెండు వేళ్ళతో తట్టాడు. ఆయన వేళ్ళు ఇప్పుడు చల్లగా ఉన్నాయి. నాకు జ్వరం కన్నా ఆ చల్లదనానికే ఎక్కువ భయమేసింది.

గోల్నాక దగ్గర రోడ్డుకడ్డంగా టైర్లు కాలుతున్నాయి. ఓ పదిమంది కుర్రాళ్ళు, చేతుల్లో కర్రలు. ఆటో ఆయన బ్రేకు వేసి, “నోరు తెరవకు బేటీ,” అని గొణిగాడు. నేనూ అదే అనుకున్నాను. పెదాలు బిగబట్టాను. ఇక్కడ అండీ అన్నానంటే అయిపోయానే అనుకున్నాను. ఒకతను వచ్చి తల లోపల పెట్టాడు. “ఏడికి? బంద్ ఉన్నదని తెల్వదా?” రూమ్మేటు ఏదో చెప్పబోయాడు, దగ్గు తెర అడ్డుపడింది. ఆ కుర్రాడు నావైపే చూస్తున్నాడు.

“అన్నా,” అన్నాను. చాలా జాగ్రత్తగా అన్నాను. “అన్నా, కడుపులో నొప్పండీ.”

నా పని అయిపోయిందనుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

“ఏందిది? అన్న అంటవు, అండీ అంటవు? ఏదన్న ఒకటను,” అన్నాడతను.

అప్పుడు నా భుజం మీదున్న తల కాస్త లేచింది. “మా చెల్లెనే తమ్మీ,” అన్నాడు అన్న. అంతే, మళ్ళీ వాలిపోయాడు. నేను కళ్ళు తెరిచాను. ఆ కుర్రాడు ఆయన ముఖం చూసి ఒక్క అరుపు అరిచాడు. నలుగురు ఉరికొచ్చి కర్రలతో టైర్లు పక్కకు నెట్టారు. “పోనియ్, జల్ది పోనియ్,” అంటూ ఒకడు ఆటో ముందు నల్లకుంట మలుపు దాకా పరిగెత్తాడు, దారిలో వాళ్ళను జరగమంటూ.

డాక్టరు కడుపు మీద చెయ్యి వేసి చూశాడు, అంతే. లోపలికి తీసుకెళ్ళిపోయారు. పేగుకు చిల్లు పడింది, ఇన్ఫెక్షన్ కడుపంతా పాకింది, చెప్పలేమమ్మా అన్నది నర్సు. చెప్పలేమంటే ఏమిటని అడిగే ధైర్యం నాకు లేదు. నడవాలో బల్ల మీద కూర్చున్నాం, నేనూ రూమ్మేటూ. ఫినాయిలు వాసన. వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆ భయంలో తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి.

“నువ్వైనా చెప్పొద్దూ! పక్క మంచం మీదే ఉంటావు కదా. మాత్రలు ఆపేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?”

వాడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆపలేదక్కా. నాకిచ్చిండు.”

“ఏమిటి?”

“నాకు గూడ టైఫాయిడే. అన్నకు దిగుతున్నప్పుడు నాకెక్కింది. హెల్త్ సెంటర్ బంద్. మందుల షాపులు బంద్. గేటు దాటనిస్తలేరు. నేను లేస్తె పడిపోతున్న. ఉన్నదొక్కటే పట్టీ. చెరి సగం ఏస్కుందామన్న నేను. ఆయన వినలే. చెరి సగమైతె ఇద్దరికీ మళ్ళొస్తదన్నడు. నాకు నమ్మకం గాలే. అప్పుడు ఎవరికో ఫోన్ చేసి అడిగిండు. ఫ్లాస్కులని, కంట్రోలని ఏందేందో మాట్లాడిన్రు, జ్వరంల నాకేం సమజ్ గాలే. ఫోన్ పెట్టేసి, పట్టీ మొత్తం నా దిండు కింద పెట్టిండు.”

నేను వాడి వైపు పూర్తిగా తిరిగాను.

“నేను లేసి నిలబడి మాత్రల కోసం బయటకు పోదామనుకున్న రోజే ఆయనకు మళ్ళ జ్వరమొచ్చింది. గోడ దుంకి పోయి తెచ్చిన. ఏసినా దిగలే. నీకు చెప్తనంటే ఒట్టు వెట్టిచ్చుకున్నడు. ఆమెకు భయమెక్కువ, గని చెప్తె వణుక్కుంటనన్న వస్తది, గీ గొడవల్ల రావొద్దు అన్నడు.” వాడు చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. “గా ఫోన్ల మాట్లాడినోళ్ళెవరో గని అక్కా, ఆళ్ళు చెరి సగం అన్నా బాగుండు. ఇట్ల కాకపోవు.”

ఆ వెనక దగ్గు. ఆ మూలుగు. అది టీవీ కాదు. పక్కన పెట్టెయ్ అన్నాను. నా గొంతు, ఆ విసుగు, అన్నీ ఉన్నవున్నట్టు నా చెవుల్లో వినబడ్డాయి. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. లోపల తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి, మళ్ళీ కూర్చున్నాను. పక్కన పెట్టినవి లేచాయి. వాటికి ఇవాళ బంద్ లేదు.

ఆయన వెంటనే లేవలేదు. ఆపరేషన్ అయ్యాక కూడా డాక్టరు ముఖంలో నవ్వు కోసం మేం చాలా రోజులు వెతుక్కున్నాం. నల్గొండ నుంచి వాళ్ళ నాన్న వచ్చి, తువాలు భుజాన వేసుకుని, మంచం పక్కన కూర్చుని కొడుకు పాదాలు పట్టుకునే ఉండేవాడు. అమ్మ రోజూ జావ కాచి పంపేది, లోపలికి పోనివ్వకపోయినా సరే. రూమ్మేటు రక్తం ఇస్తానంటే, నీకే లేదు ఫో అని నర్సు తిట్టింది. నేను ల్యాబ్ మొహం చూడలేదు. గేట్లు తెరిచారన్నారు, వెళ్ళలేదు.

జ్వరం దిగిందని డాక్టరు తేల్చి చెప్పిన మధ్యాహ్నం నన్ను లోపలికి పంపారు. దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం తీశారు. కళ్ళు మాత్రం అవే. ఆ చెట్టంత మనిషి ఈయనేనా అనిపించేలా చిక్కిపోయాడు, అయినా బతికున్నాడు. తిట్టాలని ఇంటి దగ్గర్నుంచి తయారై వచ్చాను. తిట్టడానికే నోరు తెరిచాను.

“నాతో చెప్పొచ్చు కదా! ఫ్లాస్కులన్నావేమిటి! నీకూ వాడికీ అని చెప్పొచ్చు కదా!”

“మనుషులని చెప్తె నువ్వు సరిగ్గ చెప్తువా చెల్లె?” అన్నాడు. గొంతు సన్నగా ఉంది. “ఏడుస్తువు. ఇద్దరికీ పొయ్యమందువు. నాకు సరైన జవాబు గావాలె. నాది నేను తప్పు లెక్క ఏస్కుంటున్ననేమో అని భయమైంది. నాకు గూడ మస్తు భయమైంది.”

కిటికీ అవతల నల్లకుంట బజారు తెరిచినట్టుంది, బండ్ల వాళ్ళ కేకలు వినబడుతున్నాయి. ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నాడు.

“కంట్రోల్‌కు గూడ పనికిరాదన్నవు. సూడు, పనికొచ్చిన.”

“నేను ఫ్లాస్కే అనుకున్నానన్నా,” అన్నాను. “నిజంగా… నేను ఫ్లాస్కే అనుకున్నానండీ.”

ఆయన కుట్ల మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని నవ్వాడు.

“అన్న అను, లేకుంటె అండీ అను. ఏదన్న ఒకటను చెల్లె.”